ఇరుసు, కందెన, నీటి మోటారు
(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



యంత్రములలోని బేరింగులను గూర్చి పంచాయతీ సభ్యులకు ప్రసంగమేల యని మీలో కొందరికి తోచవచ్చును. అది మెకానిక్కు పని, మాది బిల్లు చెల్లించు పని యని మీరు అనవచ్చును. ఆ బిల్లు కొరకే నేనీ విషయమును ఎత్తుకొనుచున్నాను.

కొన్నియేండ్ల క్రిందట ఒక గ్రామమున మంచినీటి ట్యాంకును నింపు బోరు మోటారు ఒకే వేసవిలో మూడు పర్యాయములు కాలిపోయినది. మొదటిసారి వైండింగు చేయించి దింపినారు. ఇరువది దినములు నడచి మరల కాలినది. కరెంటు హెచ్చుతగ్గులే కారణమని అనుకొని మరల వైండింగు చేయించినారు. మూడవసారి కాలిన మోటారును విప్పునప్పుడు నేను దగ్గరనే యుంటిని. దోషము తీగచుట్లది కాదు. షాఫ్టును పట్టియుంచు బుష్షు అరిగి, గుండ్రముగా నుండవలసిన రంధ్రము కోడిగ్రుడ్డువలె సాగియున్నది. షాఫ్టు ఒక ప్రక్కకు ఒరిగి, దానితో తిరుగు రోటరు చుట్టునున్న వైండింగు గూటికి రాచుకొనుచుండెను. అట్లు రాచుకొన్నచోట ఎన్నిసార్లు కొత్త తీగ చుట్టినను కాలక ఏమి చేయును? వైండింగునకు రెండుమార్లు సొమ్ము చెల్లించిన ఆ పంచాయతీ బుష్షునకు ఒక్కమారును చెల్లించలేదు. అడిగినవారు లేరు, చూపినవారు లేరు. ఈలోపల ఊరి స్త్రీలు రోహిణికార్తె ఎండలో పొలము బావుల నుండి బిందెలు మోసినారు.

బుష్షు అనునది మనకు కొత్త వస్తువు కాదు. ఎడ్లబండి ఇరుసు, దానిపై తిరుగు చక్రపు నాభి, నాభిలో దిగగొట్టిన ఇనుప గొట్టము, ఈ జోడియే సాదా బేరింగునకు మూలరూపము. ఒక గుండ్రని కడ్డీ, దానిని ఆవరించిన ఒక గొట్టము, నడుమ కొంచెము కందెన. నడుమ గోళీలు గాని రోలర్లు గాని ఉండవు. సైకిలు చక్రములో ఇనుప గోళీలు దొర్లును గనుక దానిని బాల్ బేరింగు అందుము. సాదా బేరింగులో ఒక తలము మరియొక తలముపై జారును. గోళీలు వచ్చిన తరువాత ఈ పాతరకము పోవలసినదే గదా యని యడుగుదురేమో. పోలేదు. డీజిలు ఇంజనులో క్రాంకు షాఫ్టును మోయునది నేటికిని ఇదియే. పెద్ద జలవిద్యుత్ యంత్రముల బరువు నానుకొనునది ఇదియే. మీ ఇంటి కుట్టు మిషనులో నూనె చుక్కలు వేయు రంధ్రముల అడుగున నున్నదియు ఇదియే. దెబ్బకు ఓర్చును, తక్కువ చోటు పట్టును, చప్పుడు చేయదు. రెండు ముక్కలుగా చీల్చి బిగింపవచ్చును గనుక, షాఫ్టు నడుమనున్న చోట కూడ అమర్చవచ్చును.

మన పూర్వులు బండి క్రింద ఒక వెదురు గొట్టమును వ్రేలాడదీసి, ఆముదములో గడ్డి మసి కలిపిన కందెనను అందులో నుంచుకొనెడివారు. మసి కలుపుట ఆముదము కారిపోక చిక్కపడి నిలుచుటకు. ఆముదము లోహమును గట్టిగా అంటిపెట్టుకొను నూనె. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల మెట్టచేలలో పండు ఈ గింజ నూనెనే మొదటి ప్రపంచయుద్ధము నాటి విమానములలో, సిలిండరులతో సహా గిఱ్ఱున తిరుగు రకపు ఇంజనులకు వాడినారు. అది పెట్రోలులో కరగిపోకుండుటయే అందుకు కారణము. మన బండివానికిని ఆ విమాన చోదకునికిని కందెన ఒక్కటే యనుట నాకెప్పుడును వింతగనే యుండును.

కందెన ఏమి చేయును? రెండు లోహములను నున్నగా చేయును, అందుచేత జారును, అని చాలమంది అనుకొందురు. అంతకంటె పెద్దపనియే చేయును. ఇది మొదట తెలిసిన తీరు చెప్పదగినది. 1883లో ఇంగ్లండులో బోషాం టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేసినాడు. తిరుగుచున్న ఇరుసు పైభాగమున అర్ధచంద్రాకారపు బేరింగు నుంచి, దానిపై బరువు పెట్టి, ఇరుసు అడుగుభాగము నూనెలో మునుగునట్లు ఏర్పాటు చేసినాడు. పైనుండి నూనె పోయవచ్చునని బేరింగు నడినెత్తిన ఒక రంధ్రము చేసినాడు. పోయవలసిన రంధ్రములో నుండి నూనె తానే పైకి పొంగినది! బెండుతో మూసినాడు, బెండు పైకి తన్నుకొని వచ్చినది. కఱ్ఱ బిరడా దిగగొట్టినాడు; అదియు వచ్చినది. చివరకు పీడనమును కొలుచు గేజి అమర్చగా ముల్లు చదరపు అంగుళమునకు 200 పౌనులు దాటినది. అనగా చదరపు సెంటీమీటరునకు 14 కిలోలకు పైమాట. బేరింగుపై సగటున పడుచున్న బరువు అందులో సగమే.

తిరుగుచున్న షాఫ్టు నూనెను తనతో లాగుకొనిపోయి సన్నని సందులోనికి ఆపులాగ క్రుక్కును. అక్కడ నూనె బిగిసి, బరువును ఎత్తి పట్టును. లోహము లోహమును తాకదు. షాఫ్టు నూనెపై తేలును. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్సు దీనికి గణితసిద్ధాంతము వ్రాసినాడు. నేటికిని ఇంజనీర్లకు అదియే ఆధారము.

ఈ కథలో మనకు పనికివచ్చు విషయములు రెండున్నవి. మొదటిది, షాఫ్టు తిరిగినంతసేపే ఈ తేలుట. నిలిచియున్నప్పుడు అది దిగి లోహముపై కూర్చుండును. కాబట్టి నూనె యుండియు బుష్షు అరుగుట ఎక్కువగా మోటారు ఎక్కించునప్పుడును ఆపునప్పుడును జరుగును. గంటకు పదిసార్లు ఆగి ఎక్కు మోటారు, దినమెల్ల ఎడతెగక నడచు మోటారు కంటె ముందుగా అరిగిపోవును. రెండవది, బరువుపడు చోట రంధ్రముగాని గాడిగాని ఉండరాదు. టవరు రంధ్రములో నుండి నూనె తన్నుకొని వచ్చినట్లే, బరువుపడు చోట గాడి తీసినచో పీడనమంతయు అందుండి కారిపోవును. లేతు షాపులో బుష్షునకు గాడి తీయునప్పుడు 'ఎక్కువ గాళ్ళు తీసిన ఎక్కువ నూనె తాగును' అందురు. అది పొరబాటు. నూనెగాడి బరువులేని ప్రక్క నుండవలెను. దానిలోనికి దారి యిచ్చు రంధ్రము, పైనున్న నూనెగిన్నె రంధ్రము ఒకదానికొకటి ఎదురుగా రావలెను. ఈ రెండవది చూడక బుష్షు దిగగొట్టి, మూయబడిన రంధ్రములో నెలల తరబడి భక్తితో నూనె పోసిన వారిని నేనెరుగుదును.

ఇక బుష్షు ఏ లోహముతో చేయవలెనను సంగతి. సూత్రము ఒక్కటే: షాఫ్టు గట్టిది, బుష్షు మెత్తనిది. అరుగక తప్పనిచో చౌకయైనది అరుగవలెను, ఖరీదైనది నిలువవలెను. 1839లో ఐజక్ బాబిట్ అను అమెరికనుడు ఈ సూత్రమును చివరిదాక తీసికొనిపోయినాడు. గట్టి గూటిలో మెత్తని తెల్లలోహమును పోత పోయు పద్ధతికి ఆయన పేటెంటు పొందినాడు. అందులో నూటికి 89 పాళ్ళ వరకు తగరమే. మిగిలినది యాంటిమొని, రాగి. దీనిలో ఇసుకరేణువు పడినచో షాఫ్టును గీయక మెత్తని లోహములోనికి దిగి అణగును. నూనె అందక వేడెక్కినచో ముందు ఈ లోహమే కరగును, క్రాంకు షాఫ్టు బ్రతుకును. పాత రైసు మిల్లుల లైను షాఫ్టులు, ఆయిలు ఇంజనులు దీనితోనే నడచినవి. నేటి ఇంజనులలో ఉక్కు రేకుపై రాగి-సీసము, అల్యూమినియము-తగరము వంటి పలుచని పూతలు గల చిప్పలు వచ్చినవి గాని, వాటి వెనుక నున్న ఆలోచన అదియే.

మన పంపులకు ఎక్కువగా పడునది గన్‌మెటల్. ఇది కంచు జాతి. నూటికి 88 పాళ్ళు రాగి, 10 తగరము, 2 జింకు. రాగి, తగరము ఖరీదైనవి గనుక దీని బదులు పాత ఇత్తడి సామాను కరిగించి పోసి గన్‌మెటల్ అని అమ్ముట కద్దు. గన్‌మెటల్ కొంచెము ఎరుపు తిరిగియుండును, ఇత్తడి పసుపుగా నుండును. కాని రంగును మాత్రమే నమ్మరాదు. బిల్లుపై లోహము పేరు వ్రాయించుకొనుడు. వ్రాసియిచ్చుటకు వెనుదీయు వాని దగ్గర బుష్షు కొనకుండుటయే మేలు. మరియొక మాట. బుష్షును గూటిలోనికి నొక్కి దింపినప్పుడు దాని రంధ్రము కొంచెము ముడుచుకొనును. దింపిన తరువాత రీమరుతో సరిచేయవలెను. 50 మిల్లీమీటర్ల షాఫ్టునకు ఉండవలసిన సందు సుమారు 0.05 మిల్లీమీటరు, అనగా సన్నని తలవెండ్రుక మందము. సందు లేకున్నచో నూనెకు చోటు లేక పట్టుకొనును. ఎక్కువైనచో షాఫ్టు ఊగును.

ఇంతవరకు నూనె మాట చెప్పితిని. కాని మీ బోరులోని మోటారునకు నూనె పోయువారు లేరు. మరి అది దేనిపై తిరుగుచున్నది? నీటిపై! నీటితో కందెన పని చేయించుట ఓడలవారు కనిపెట్టినది. ఆవిరి ఓడల చోదక షాఫ్టునకు సముద్రములో ఇత్తడి బేరింగులు త్వరగా అరిగిపోవుచుండగా, 1854 ప్రాంతమున ఇంగ్లండులో జాన్ పెన్ అను ఇంజనీరు లిగ్నం వైటీ యను కఱ్ఱ పలకలు అమర్చినాడు. అది వెస్టిండీసు దీవుల చెట్టు. నీటిలో మునుగునంత బరువైన చేవ, లోపల సహజముగ జిగురునూనె. సముద్రజలమే దానికి కందెన. నేడు ఆ కఱ్ఱ చోటును చాలవరకు రబ్బరు ఆక్రమించినది. నిలువు టర్బైను పంపులలో షాఫ్టును పట్టియుంచు రబ్బరు బుష్షులకు పొడుగున గాళ్ళుండును. ఇసుకరేణువు మెత్తని రబ్బరులో దిగి, దొర్లి, గాడిలో పడి నీటితో కొట్టుకొనిపోవును. ఇట్టి బుష్షునకు గ్రీజు పెట్టరాదు. సహజ రబ్బరు ఖనిజతైలము తగిలిన ఉబ్బి షాఫ్టును బిగించును. మొదలుపెట్టునప్పుడు పైనుండి కొంచెము నీరు పోసి తడిపి నడుపవలెను.

నీరు నింపు రకపు సబ్‌మెర్సిబుల్ మోటారులో పైన క్రింద బుష్షులుండును. అడుగున పంపు ఒత్తిడిని, పైనున్న నీటి బరువును మోయు థ్రస్టు బేరింగు ఉండును. ఇది సాధారణముగా కార్బను బిళ్ళ. దాని క్రింద కొద్దిగా ఒరగగల స్టెయిన్‌లెస్ ఉక్కు పలకలు. ఆ పలకలు ఒరిగి నీటికి ఆపువంటి సన్నని దారి ఏర్పరచును. టవరు చూచిన నూనె పొరవంటిదే ఇచ్చట నీటిపొర. పెద్ద జలవిద్యుత్ యంత్రములకును పలకలు ఒరుగు ఈ పద్ధతియే.

నీరు నూనె కంటె మిక్కిలి పలుచన. దాని పొర చాల సన్నము. అందుచేత ఈ బేరింగులు రెండింటిని సహింపవు: ఇసుకను, నీరులేమిని. బోరులో నీరు దిగిపోయినను మోటారు తిరుగుచునే యున్నచో పంపులోని బుష్షులు నిమిషములలో ఎండి కాలును. దీనికి నీరు లేనప్పుడు మోటారును ఆపు పరికరము దొరకుచున్నది. ఒక వైండింగు ఖర్చు చూచినవారు ఆ పరికరపు వెలను గూర్చి బేరమాడరు. ఇసుక సంగతి తెలియుటకు ఏ పరికరమును అక్కరలేదు. మోటారు ఎక్కించిన కొంతసేపటికి ఒక తెల్లని బకెట్టులో నీరు పట్టి అరగంట కదల్పకుండుడు. అడుగున ఇసుక పేరినచో బోరును గూర్చి ఆలోచింపవలెను. బుష్షులు ఎన్ని మార్చినను ఆ ఇసుక వాటిని తినివేయుచునే యుండును.

పంచాయతీ కార్యాలయములో ఎన్నో రిజిస్టర్లున్నవి. మోటారునకు మాత్రము లేదు. వారమునకొకసారి తేదీ, వోల్టేజి, ఆంపియర్లు వ్రాయు ఒక చిన్న పుస్తకమును పంపు నడుపువానికిచ్చి చూడుడు. వోల్టేజి ఎప్పటివలె నుండగా ఆంపియర్లు వారమువారము పెరుగుచున్నచో లోపల ఏదియో రాచుకొనుచున్నదని తలచి, కాలకముందే పైకి తీయవచ్చును. గట్టుమీది మోటారైనచో ఇంకను సులభము: స్విచ్చి ఆపిన తరువాత షాఫ్టు ఎంతసేపు తిరిగి నిలుచునో చూడుడు. మునుపు నెమ్మదిగా నిలుచునది ఇప్పుడు గబుక్కున నిలిచినచో బేరింగు బిగిసినదన్నమాట.

మోటారు కాలి పైకి వచ్చినప్పుడు సభ్యులలో ఒకరైనను షాపునకు వెళ్ళుడు. వైండింగునకు ముందు బుష్షులను, షాఫ్టును, థ్రస్టు బిళ్ళను చూపుమని అడుగుడు. షాఫ్టును చేతబట్టి ప్రక్కకు ఊపి చూడుడు. షాఫ్టుపై గోరు తగులు గీతలున్నచో కొత్త బుష్షు మాత్రమే వేసిన చాలదు, షాఫ్టును కూడ బాగుచేయవలెను. తీసివేసిన పాత బుష్షులను తెచ్చి కార్యాలయములో నుంచుకొనుడు. మరుసటిసారి ఎంత త్వరగా అరిగినదో పోల్చుకొనుటకు పనికివచ్చును. ఇక మోటారును మరల బోరులోనికి దింపునప్పుడు, నీరు నింపు రకమైనచో దానిలో మంచినీరు నిండుగా పోసి, గాలి బుడగలు పోయి, మూత బిగించువరకు దగ్గర నిలిచి చూడుడు. సాయంకాలము హడావిడిలో ఎక్కువగా మరచునది ఈ పనినే.

నేను తెచ్చిన అరిగిన బుష్షులు, కొత్త బుష్షులు ఈ బల్లపై నున్నవి. చేతబట్టి చూచి మీ ప్రశ్నలు అడుగవచ్చును.