పాపము అను మాట



ధర్మవిచారమునకు పూనుకొన్నవాడు మొదట తాను వాడు మాటలను విచారింపవలెను. నేడు ‘పాపము’ అను ఒక్క మాటను తీసికొందము.

ఈ మాటను మనమును పలుకుదుము, మన ఊరి క్రైస్తవులును పలుకుదురు. 19వ శతాబ్ది తొలి దశాబ్దమున విశాఖపట్టణములో పాదరులు సువార్తలను తెనిగింప మొదలిడిరి. నేటి తెలుగు బైబిలులోని పాపము, నీతి, కృప, ధర్మశాస్త్రము అను మాటలన్నియు సంస్కృతమునుండి వచ్చినవే. మాట ఒకటే యైనను భావము ఒకటి కాదు. గ్రీకు మూలమునందలి ‘హమర్తియా’ అను పదమునకు గురి తప్పుట యని తొలి యర్థము. క్రైస్తవమున అది దైవమునకు ఎడమగుట. మనస్సు మరలుటయు, దైవకృపయు దానికి విరుగుడు. అందులకే వారు ‘మారుమనస్సు’ అందురు. మన ధర్మశాస్త్రములందు పాపము కర్తను అంటియుండు కర్మఫలము. దానికి ప్రాయశ్చిత్తము విధింపబడినది. ప్రాయస్సనగా తపస్సు, చిత్తమనగా నిశ్చయమని పెద్దలు నిర్వచించిరి. ఈ భేదమును కప్పిపుచ్చి రెండును ఒకటే యనుట మర్యాద యగునేమో గాని విచారము కాజాలదు.

అయినను ఉభయులకును ఒకే అపాయము కలదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట ‘పూర్వజన్మ పాపము’ అని తేల్చి చెప్పువారిని మేమెరుగుదుము. యోహాను సువార్త 9వ అధ్యాయమున పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది వీని పాపమా, తల్లిదండ్రుల పాపమా యని శిష్యులడిగిరి. ఏసు రెండును కాదనెను. అట్లయిన కర్మసిద్ధాంతము అసత్యమా యని మీరడుగవచ్చును. అసత్యము కాదు. ఎవరి నడతను వారు దిద్దుకొనుటకు అది చెప్పబడినది. దానితో ఎదుటివాని దుఃఖమునకు లెక్క కట్టరాదు.

భారతమున వనపర్వమందు పరమధర్మ మేదని యక్షుడడుగగా, ధర్మరాజు ఆనృశంస్యమని, అనగా క్రూరత్వము లేకుండుట యని చెప్పెను. తమ్ములలో ఒక్కనినే బ్రతికింతునన్నపుడు, భీమార్జునులను కాదని, మాద్రికిని ఒక కొడుకు మిగులవలెనని నకులుని కోరెను. చెప్పిన మాటకు అదియే పరీక్ష.

తెలుగువారి నోట ఈ మర్మము ఏనాడో నిలిచినది. పరుల కష్టము కంటబడగానే మనమనునది ‘అయ్యో, పాపము!’ అనియే కదా. శాస్త్రమున దోషమును చెప్పు పదము మన వీధి అరుగుల మీద జాలిని చెప్పుచున్నది. కావున మన విషయమున ఈ మాటను శాస్త్రార్థమున వాడుదము. పరుల విషయమున తెలుగర్థమున వాడుదము.

స్వస్తి.