సభలో చెప్పిన కథలు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నక్క, కుందేలు, కోతి, మొసలి, వీని కథలను గూర్చి మాటాడుటకు మేము వచ్చితిమనగానే మీలో కొందరు చిరునవ్వు నవ్విరి. వీధిదీపములు, మురుగుకాలువలు, ఇంటిపన్ను బకాయిలు, ఇన్ని చిక్కులుండగా పిల్లల కథలకు తీరిక యెక్కడిదని మీ భావము కాబోలు. ఆ నవ్వునందు తప్పు లేదు. ఈ కథలను మనమందరము మొదట అమ్మమ్మ ఒడిలోనో, బడిలోనో విన్నవారమే. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక తరతరములుగా తెలుగు విద్యార్థులకు పాఠ్యగ్రంథమైనది. మిత్రలాభము, మిత్రభేదము వల్లించి పరీక్షలు వ్రాసినందున, జంతువుల కథ యనగా బడిపిల్లలకు సంబంధించినదే యను ముద్ర మన మనస్సులలో పడిపోయినది.

కాని ఈ కథలన్నియు పసివారి కొరకు పుట్టినవి కావు. పంచతంత్రమునే చూడుడు. విష్ణుశర్మ ఆ కథలను చెప్పినది రాజ్యమేలవలసిన రాకుమారులకు. ఎవరిని నమ్మవలెను, ఎవరి మాట వెనుక ఏ స్వార్థము దాగియున్నది అనునదే అందలి చర్చ. ఆరవ శతాబ్దమున పారసీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కొలువులోని బుర్జో అను వైద్యుడు దానిని పహ్లవీ భాషలోనికి మార్చెను. ఎనిమిదవ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీలో వ్రాసెను. మన కరటక దమనకులు అక్కడ కలీలా దిమ్నాలైరి. పిమ్మట హీబ్రూ, లాటిన్, స్పానిష్, జర్మన్ భాషలు దాటి 1570 నాటికి ఆ కథలు ఇంగ్లీషునకు చేరెను. 1678లో ఫ్రెంచి కవి లా ఫోంటేన్ తన కథలలో పెక్కింటికి హిందూదేశపు జ్ఞాని పిల్పేకు ఋణపడియున్నానని ఒప్పుకొనెను. ఈ ప్రయాణమును గూర్చి చెప్పినవారు చాలమంది కలరు. మేము ఇక్కడ ఆగము. ప్రాణము మీదికి వచ్చినపుడో, ఊరి స్వాతంత్ర్యము తాకట్టు పడబోవునపుడో, నలుగురి నడుమ లేచి ఒక మనిషి చెప్పిన కథలు కొన్ని కలవు. వానిని మీకు వినిపింపవలెనని మా కోరిక.

క్రీస్తు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ వక్తృత్వమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. కల్పిత కథలు ప్రజాసభలలో చెప్పుటకు తగినవని అందులో ఆయన అభిప్రాయము. దానికి రెండు ఉదాహరణములు ఇచ్చెను.

మొదటిది సిసిలీ ద్వీపమందలి హిమెరా పట్టణములో జరిగినది. ఆ ప్రజలు ఫలారిస్ అను వానిని సర్వాధికారములు గల సేనాపతిగా ఎన్నుకొనిరి. అంతటితో ఆగక అతనికి అంగరక్షక దళమును కూడ ఇయ్యబోవుచుండిరి. అపుడు స్టెసిఖోరస్ అను కవి లేచి ఒక కథ చెప్పెను. ఒక గుఱ్ఱము పచ్చికబయలును ఒంటిగా అనుభవించుచుండెను. ఒక దుప్పి వచ్చి ఆ మేతను పాడుచేసెను. గుఱ్ఱమునకు కోపము వచ్చి, దుప్పిని శిక్షించుటకు సాయపడుమని ఒక మనుష్యుని అడిగెను. నీవు నోట కళ్లెము ధరించి, నేను ఈటెతో నీ వీపునెక్కుటకు ఒప్పుకొందువేని సాయపడుదునని అతడు పలికెను. గుఱ్ఱము సరేయనెను. మనుష్యుడు ఎక్కెను. పగ తీరుటకు మారుగా గుఱ్ఱము ఆ మనుష్యునికి దాసియయ్యెను. ఇంతవరకు చెప్పి కవి పౌరుల వైపు తిరిగి, కళ్లెము మీరు ఇదివరకే తగిలించుకొన్నారు, ఇక వీపు కూడ ఇచ్చినచో బానిసలగుదురని హెచ్చరించెను.

ఊరిలో ఎవరిమీదనో కసితో, ఆ కసి తీర్చునను ఆశతో, ఇంకొకరికి సర్వాధికారములు అప్పగించు ఘట్టము మీరు చూచియే యుందురు. అది సిసిలీలోనే జరుగునది కాదు.

రెండవది ఈసపు పేర చెప్పబడినది. సేమోస్ ద్వీపమున ఒక ప్రజానాయకునిపై మరణశిక్షకు తగిన నేరము మోపబడెను. ఈసపు అతని పక్షమున సభలో నిలిచి ఇట్లు చెప్పెను. ఏరు దాటుచున్న నక్క ఒకటి కొట్టుకొనిపోయి గండిలో పడెను. పైకి రాలేక చాలకాలము బాధపడుచుండగా ఒంటినిండ గోమార్లు పట్టి నెత్తురు పీల్చుచుండెను. అటు పోవుచున్న ముళ్లపంది జాలిపడి, వీనిని తీసివేయుదునా అని అడిగెను. వలదు, ఇవి ఇప్పటికే కడుపునిండ త్రాగినవి, ఇక పీల్చునది కొంచెమే, వీనిని తీసినచో ఆకలిగొన్న క్రొత్తవి వచ్చి మిగిలిన నెత్తురంతయు త్రాగునని నక్క బదులు పలికెను. అట్లే ఇతడు ధనవంతుడైనాడు, ఇక మీకు హాని చేయడు. ఇతనిని చంపినచో లేమిగలవారు వచ్చి మీ ధనాగారమును దోచుకొందురని ఈసపు వాదము.

అందలి చమత్కారమును మేము మెచ్చుకొనగలము గాని, ఆ వాదమును మాత్రము ఒప్పుకొనజాలము. గోమారు నిండినంత మాత్రాన నెత్తురు నక్కకు తిరిగి రాదు. గండిలోనుండి పైకి వచ్చు ఉపాయము ముళ్లపంది అడుగలేదు, నక్కయు చెప్పలేదు. కథ బాగుగా నున్నదని తలయూపునపుడే, అది ఎవరి పక్షమున చెప్పబడుచున్నదో చూచుకొనవలసి యుండును.

రోము నగరపు కథ ఇంకను చిక్కైనది. క్రీస్తు పూర్వము 494లో అక్కడి సామాన్య ప్రజలు అప్పులపాలై యుండిరి. తీర్చలేనివారిని ఋణదాతలు కట్టుబానిసలుగా ఉంచుకొనుచుండిరి. యుద్ధములలో ముందు నిలిచినది వీరే. ఇంటికి వచ్చి చూడగా పొలము లేదు, స్వేచ్ఛ లేదు. చివరకు వారందరు నగరమును విడిచి మూడు మైళ్ల దూరమున ఒక కొండపై విడిదిచేసిరి. కులీనులు భయపడి మెనేనియస్ అగ్రిప్పా అను వానిని రాయబారిగా పంపిరి. అతడు చెప్పిన కథ యిది. ఒకనాడు దేహమందలి అవయవములన్నియు కడుపుపై అలిగినవి. మేము కష్టపడుచుండగా ఇది నడుమ కూర్చుండి తినుచున్నదని చేతులు అన్నమెత్తుట మానెను, నోరు తెరువలేదు, పండ్లు నమలలేదు. కొన్నాళ్లకు కడుపుతోపాటు దేహమంతయు శుష్కించెను. కడుపు తిన్నదే నెత్తురై తమకు వచ్చుచున్నదని అపుడు అవయవములకు తెలిసెను.

లివీ అను చరిత్రకారుడు ఈ సంగతిని సుమారు నాలుగున్నర శతాబ్దములకు తరువాత వ్రాసెను. కథ విని జనులు మెత్తబడిరని ఆయన చెప్పును. కాని వారు వట్టిచేతులతో తిరిగి రాలేదు. సామాన్యుల పక్షమున నిలుచుటకు ట్రిబ్యూనులను ప్రతినిధులను, మొదట ఇద్దరిని, నియమింపజేసికొనిరి. వారిపై ఎవ్వరును చేయి చేసికొనరాదు. ఆ పదవికి కులీనులు అర్హులు కారు. కథ చెప్పినది కడుపు తరఫువారని ఆ జనులకు తెలియకపోలేదు. కడుపు తిన్నది నిజముగా నెత్తురై వేళ్లకొసల వరకు వచ్చుచున్నదా లేదా అని చూచుటకే వారు మనుష్యులను పెట్టుకొనిరని మా ఊహ. గ్రామసభలో జమాఖర్చులు చదివి వినిపింపుడని అడుగు మనిషి చేయు పనియు అదియే.

నోరు లేనివారికి ఈ కథలు మరొక రీతిని ఉపకరించినవి. ఫీడ్రస్ అను రోమను కవి బానిసగా నుండి విడుదల పొందినవాడు. బానిస తన మనస్సులోని మాటను బయటకు చెప్పలేక కట్టుకథల మాటున చెప్పెననియు, ఈ కథలు పుట్టిన కారణము అదియేననియు ఆయన వ్రాసెను. నేటి ఘానా దేశమందలి అషాంటీ జనులలో, కథ చెప్పువాడు తాను చెప్పబోవునది నిజము కాదని ముందుగానే ప్రకటించుట ఆచారమని 1930లో ప్రచురించిన సంపుటములో రాట్రే తెలిపెను. ఆ మాట అడ్డుపెట్టుకొని దొరలనైనను ఎగతాళి చేయవచ్చును. ఆ ప్రాంతమునుండి బానిసలుగా ఓడలకెక్కింపబడినవారు తమ జిత్తులమారి సాలీడు అనాన్సీని జమైకా ద్వీపమునకు కూడ కొనిపోయిరి. వారి సామానులో అది యొక్కటే దొరలకు కనబడలేదు.

ఇక కొరియా దేశపు సంగతి. ఇది మాకు అన్నిటికన్న ప్రియమైనది. అప్పుడు ఆ దేశమున మూడు రాజ్యములుండెను. 642లో సిల్లా రాజ్యపు ప్రముఖుడు కిమ్ చున్‌చు, బేక్జే రాజ్యముతో పోరున సాయము కోరి గోగుర్యో రాజు వద్దకు పోయెను. ఆ పోరులోనే ఆయన కూతురు ప్రాణములు కోల్పోయియుండెను. గోగుర్యో రాజు సాయము మాట విడిచి, సరిహద్దు కనుమలను తనకు తిరిగి ఇమ్మనెను. ఇచ్చుటకు నాకు అధికారము లేదని చున్‌చు అనగా చెరలో పెట్టించెను. అపుడు చున్‌చు రాజునకు ఇష్టుడైన సొన్ దోహే అను మంత్రికి నీలివస్త్రములు కానుకగా పంపెను. ఆయన విందు తీసికొని చెరకు వచ్చి, మీరు తాబేలు కుందేలు కథ విన్నారా అని అడిగి చెప్పసాగెను. సముద్రరాజు కూతురికి జబ్బు చేసెను. కుందేలు కాలేయముతో మందు చేయవలెనని వైద్యుడు చెప్పెను. తాబేలు ఒడ్డునకు వచ్చి కుందేలును మభ్యపెట్టి వీపుపై ఎక్కించుకొని, నడిసముద్రమున నిజము చెప్పెను. కుందేలు బెదరలేదు. అయ్యో, ముందే చెప్పరాదా, నా కాలేయమును కడిగి బండ క్రింద పెట్టి వచ్చితిని, వెనుకకు పోయి తెచ్చుకొందమనెను. తాబేలు నమ్మి తిరిగెను. ఒడ్డు తగులగానే కుందేలు గడ్డిలోనికి దూకెను.

చున్‌చునకు అర్థమైనది. ఆ కనుమలు మీవే, నేను తిరిగి పోయి మా రాజును అడిగి ఇప్పించెదనని లేఖ వ్రాసెను. సిల్లా సేన కదలుచున్నదను వార్తయు అప్పుడే వచ్చెను. రాజు ఆయనను విడిచిపెట్టెను. సరిహద్దు దాటిన పిమ్మట, చావు తప్పించుకొనుటకే ఆ లేఖ వ్రాసితినని వెంట వచ్చినవారితో చున్‌చు చెప్పెను. 654లో ఆయనయే సిల్లాకు రాజయ్యెను. 1145లో కూర్చిన సంగుక్ సాగి అను చరిత్ర గ్రంథమున ఇదంతయు కలదు.

ఈ కథ మీకు ఎక్కడనో విన్నట్లు తోచుచున్నది కదా! తన గుండెకాయను చెట్టుమీద విడిచివచ్చితినని మొసలిని నమ్మించిన మన కోతియే అక్కడ కుందేలైనది. జాతక కథలలోను, పంచతంత్రములోని లబ్ధప్రణాశములోను ఉన్నది యిదియే. బౌద్ధ గ్రంథముల చీనా అనువాదములతోపాటు అది తూర్పునకు పోయెనని పండితుల భావన. తూర్పు ఆఫ్రికా తీరమున స్వాహిలీ జనులు చెప్పుకొను కథలో కోతి కోతిగానే యున్నది గాని, మొసలి సొరచేపయైనది. ఊరికొక వేషము వేసికొన్నను మాట మాత్రము అదే: బలవంతుని వీపు మీద చిక్కినవాడు తెలివి తప్పక యుండుట.

మన పల్లెలలోను తగవు ముదిరినపుడు ముసలివారు తీర్పు చెప్పుటకు మారుగా ఒక కథ చెప్పి ఊరకుండుట కలదు. ఆ కథలను ఎవరైన వ్రాసియుంచిన మంచిది. అయితే కథను మాత్రము వ్రాసిన చాలదు. ఎప్పుడు, ఎవరితో, ఏ గట్టు తగవులో, ఏ పంపకములో చెప్పిరో అదియు అడిగి వ్రాయవలెను. గుఱ్ఱము కథలోనుండి ఫలారిస్‌ను తీసివేసినచో మిగులునది పిల్లల కథయే. నేడు ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. మొదటిసారి సభకు వచ్చి, మామగారి వరుసవారి ముందు మీరు చేయుచున్నది తప్పని సూటిగా అనలేని సభ్యురాలు, మా అమ్మమ్మ ఒక కథ చెప్పెడిదని మొదలిడినచో ఎవరు అడ్డుకొనగలరు?

సభలో కథ చెప్పుట యందలి అపాయమును కూడ మేము దాచరాదు. ప్లూటార్క్ పేర చెలామణి యగు ఒక గ్రంథములో ఈ ముచ్చట కలదు. ఏథెన్సు ప్రజలు ఒకనాడు గొప్ప వక్త డెమోస్తనీసును మాటాడనీయక అల్లరి చేసిరి. చిన్నమాట చెప్పి పోవుదునని ఆయన మొదలుపెట్టెను. ఒక యువకుడు వేసవిలో మెగారాకు పోవుటకు గాడిదను బాడుగకు తీసికొనెను. మిట్టమధ్యాహ్నము ఎండ తాళలేక గాడిద నీడలో కూర్చుండబోయెను. గాడిద యజమాని అడ్డుపడి, నీకు బాడుగకిచ్చినది గాడిదను గాని నీడను కాదనెను. గాడిదతోపాటు నీడయు నాదేయని ఇతడనెను. ఇంతవరకు చెప్పి డెమోస్తనీసు వేదిక దిగి పోసాగెను. జనులు పట్టుకొని, తరువాత ఏమైనదో చెప్పుమని బ్రతిమాలిరి. గాడిద నీడను గూర్చి వినుటకు ఇంత ఆత్రపడుదురు, ముఖ్యమైన పనులను గూర్చి చెప్పినచో వినరా అని ఆయన అడిగెను.

మధ్యాహ్న భోజనమునకు పిమ్మట పంచాయతీ లెక్కల పుస్తకములను గూర్చి ప్రసంగము కలదు. మీరందరు ఇట్లే కూర్చుండి వినవలెనని కోరుచు, మేము సెలవు తీసికొనుచున్నాము.