ఊరి బాగులో మన పాలు

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై పరీక్షా ఫలితములను, ఆటలలో గెలిచిన బహుమతులను విన్నవించుట మాకు అలవాటు. ఈ ఏడు వానిని అచ్చు నివేదికకు విడిచి, వేరొక విషయము మాటాడ దలచితిమి. మనము నివసించు ఊరిని శుభ్రముగాను, నీటి ఎద్దడి లేకుండగను, రాబోవు తరమునకు పనికివచ్చునట్లును కాపాడుటలో మన పాలు ఎంత అనునదే ఆ విషయము. ఈ ఆలోచనకు కారణము మా పాఠశాలలోనే జరిగిన ఒక తప్పు. దానిని ముందు ఒప్పుకొని, పిమ్మట మీకు మాట చెప్పుట న్యాయము.

గత వార్షికోత్సవమున భోజనములు ముగిసిన తరువాత ఎంగిలి ఆకులు, కాగితపు గ్లాసులు, మిగిలిన అన్నము, పగిలిన గాజు సీసాలు అన్నియు ఒకే గోనెలలో కుక్కి వీధి మూల పెట్టించితిమి. పని ముగిసినదని తలచితిమి. మరునాటి ఉదయమున పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె, నెత్తురు కారుచున్న వేలికి గుడ్డ చుట్టుకొని, పాఠశాల వాకిట నిలిచి తెలుగులోనే ఇట్లనెను: "అయ్యా, పిల్లలకు చదువు చెప్పే చోటు గదా ఇది. అన్నమూ గాజూ కలిపి పెడితే విడదీసేది మా చేతులే గదా." మేము బదులు చెప్పలేకపోతిమి. ఈ ప్రాంతపు వీధులను ఊడ్చువారిలో ఇంట తెలుగే మాటాడు కుటుంబములు అనేకము కలవు. మాతృభాషను కాపాడుదమని సభలు జరుపు మనము, ఆ భాష మాటాడు చేతులకే గాజు పెంకులు అందించితిమి.

ఊరి పనులను గూర్చి మాటాడినప్పుడెల్ల మనవారినుండి రెండు మాటలు వినవచ్చుచుండును. మొదటిది: "పన్ను కట్టుచున్నాము, తక్కిన పని పురపాలకులది." రెండవది: "మనము కొద్దిమందిమి, మన మాట వినువారెవరు?" ఈ రెండింటికిని ఈ నేలమీదనే జవాబులు కలవు.

మొదటి మాటను చూతము. ఈ సీమలో చెరువులను నిలిపినది ప్రభుత్వము ఒక్కటియే కాదు. కుడిమరామత్తు అను ఆచారముండెడిది. చెరువు నీరు వాడుకొను రైతులు తామే కూడి పూడిక తీసి, కట్టకు మన్ను వేసి, కాలువలు బాగుచేసెడివారు. 1858లో ఇట్టి శ్రమ చట్టముతో నిర్బంధము చేయబడెను. చట్టము నిలిచినది, ఆచారము మాత్రము క్రమముగా సన్నగిల్లినది. చెరువు మనది కాదు, సర్కారుది అను భావము కలిగిన పిమ్మట, పార పట్టు చేయి ముందుకు రాదు. 2017లో తమిళనాడు ప్రభుత్వము అదే పేరుతో చెరువుల మరామత్తు పథకమును తిరిగి ఆరంభించెను. పేరు తెచ్చుట సులభము. మమకారమును తెచ్చుటయే కష్టము.

గుడియాత్తమువారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. చిత్తూరు సీమనుండి దిగివచ్చు కౌండిన్య నది ఏండ్ల తరబడి ఎండియుండుటచే దానిని చెత్త వేయు చోటుగాను, ఇండ్ల స్థలముగాను ఎంచితిమి. 2021 నవంబరులో మోర్ధానా జలాశయము నిండి పొరలగా, ఆ నది తన త్రోవను తానే తిరిగి తీసికొనెను. ఒడ్డున నున్న పేదల ఇండ్లలో నీరు చొచ్చినది. ఆనాడు నష్టపడినవారికి పన్ను రసీదు అక్కరకు రాలేదు.

ఇక రెండవ మాట. కొద్దిమంది మాటకు విలువ లేదందురా? పాలారు కథ వినుడు. తోళ్ల కర్మాగారముల మురుగు నీరు పాలారులోను, పొలములలోను, బావులలోను చేరుచుండగా, వేలూరు పౌర సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టుకు వెళ్లినది. ఈ కర్మాగారముల ప్రాంతమున సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో, పూర్తిగానో పాడైనదని వ్యవసాయ విశ్వవిద్యాలయపు వేలూరు పరిశోధన కేంద్రము తేల్చిన సంగతి కోర్టు ముందుకు వచ్చినది. 1996 ఆగస్టు 28న తీర్పు వెలువడినది. పాడుచేసినవారే పరిహారము చెల్లించి బాగుచేయవలెననియు, హాని జరుగునను సందేహమున్నచోట ముందే జాగ్రత్త పడవలెననియు ఆ తీర్పు చాటినది. నేడు దేశమంతట న్యాయశాస్త్ర విద్యార్థులు చదువు తీర్పులలో అది ఒకటి. దానికి మన ఊరి పేరే ఉన్నది.

అయినను పని ముగియలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు ఇదే నదిని గూర్చి మరల తీర్పు చెప్పి, బాధితులకు పరిహారమును, నది బాగుకై ఒక కమిటీని ఆదేశింపవలసి వచ్చెను. తోళ్ల పని వేలాది కుటుంబములకు కూడు పెట్టుచున్నది. ఈ సభలోను అట్టివారుండవచ్చును. వారి పని పోవలెనని మా భావము కాదు. తీర్పు ఒక దినమున వచ్చును గాని, దానిని అమలుపరచుటకు ప్రతి దినము కన్ను వేసియుంచు పౌరులు కావలెను అనునదే మా భావము.

కన్ను వేయుటయే గాక చేయి వేసినవారును కలరు. వేలూరు, తిరువణ్ణామలై జిల్లాలలో ఎండిపోయిన నాగనదికి ప్రాణము పోయుటకు వేలాది గ్రామీణ స్త్రీలు ఉపాధి హామీ కూలి పనిలో భాగముగా పూనుకొనిరి. వాన నీటిని భూమిలోనికి దింపు బావులు త్రవ్విరి. వాగులకు అడ్డముగా రాళ్ల కట్టలు పేర్చిరి. పెద్ద ఆనకట్ట కట్టలేదు. చిన్న పనిని అనేక చోట్ల చేసిరి.

చెత్త విషయమునను మన ఊరే ఒక పాఠము నేర్పినది. వేలూరు శ్రీనివాసన్ అని దేశమున పేరు గాంచిన సి. శ్రీనివాసన్ గారు, చెత్త చెత్త కాదు, కలిపినప్పుడే చెత్త యగునని చూపిరి. ఇంటి వద్దనే తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేసినచో, మొదటిది ఎరువగును, రెండవది అమ్ముడుపోవును. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ పట్టణము ఈ పద్ధతిని అనుసరించి, స్త్రీల స్వయం సహాయక సంఘములకు ఆ పనిని అప్పగించినది. అచట పూర్వము చెత్త కుప్పగా నుండిన స్థలము ఉద్యానవనమైనది.

ఇన్నిటిని చూడగా మాకు తోచినది ఇది. ఊరివారు కలిసి రావలెనన్నచో ఉపన్యాసము చాలదు. పని చిన్నదిగాను, ఎవరి పని ఏదో తెలియునట్లుగాను ఉండవలెను; ఫలితము కంటికి కనబడవలెను; చెప్పిన మాటను వినువారుండవలెను. ఒక ఏడు మేము మొక్కల పండుగ జరిపితిమి. పాటలు పాడితిమి, చాయాచిత్రములు తీయించుకొంటిమి. నీళ్లు పోయువారెవరో నిర్ణయింపలేదు. వేసవి ముగియునప్పటికి ఒక్క మొక్కయు మిగులలేదు. మరుసటి ఏడు తక్కువ మొక్కలు నాటి, ఒక్కొక్కదానికి ఇద్దరేసి పిల్లల పేర్లు వ్రాసితిమి. వానిలో హెచ్చు భాగము నేడు నీడనిచ్చుచున్నవి.

వినుట అనునది పాలకుల వంతు. బ్రెజిల్ దేశమందలి పోర్టో అలెగ్రే నగరమున 1989లో, పేటలవారు సభలు కూడి నగర నిధిలో కొంత దేనికి వెచ్చింపవలెనో తామే తేల్చు పద్ధతి ఆరంభమైనది. మన తమిళనాటను వార్డు కమిటీలకు, ఏరియా సభలకు 2022లో నియమములు వచ్చెను. అట్టి సభ జరిగినప్పుడు మనవారు ఎందరు వెళ్లుచున్నారు? భాష అడ్డమని కొందరందురు. అయ్యా, మీ పిల్లలు రెండు భాషలును చక్కగా ఎరుగుదురు. తమిళములో వచ్చిన ప్రకటనను ఇంట అవ్వకు తాతకు తెలుగులో చదివి వినిపించుట, వారి మాటను సభలో తమిళమున చెప్పుట మన పిల్లలకే చెల్లును. అల్పసంఖ్యాకులమగుట లోపము కాదు. రెండు దరులకు వంతెన కాగల అవకాశము.

కావున మిమ్ము మూడు కోరుచున్నాము. ఇంట మూడు బుట్టలు పెట్టుడు: తడికి ఒకటి, పొడికి ఒకటి, గాజు, బ్లేడు, పాత మందులవంటి అపాయకరమైనవానికి ఒకటి. అంగడికి గుడ్డ సంచి తీసికొనిపొండు. 2019 జనవరి 1న ఈ రాష్ట్రమున ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులపై నిషేధము వచ్చినది. నేతకు పేరుపడిన గుడియాత్తమువారికి గుడ్డ సంచి కరవా? మూడవది, మీ వార్డు సభకు ఏడాదికి ఒక్కసారియైన వెళ్లి, మీ వీధి కాలువను గూర్చి ఒక్క మాట చెప్పుడు.

మా వంతు మేము చేసితిమి. భోజనశాల వాకిట మూడు బుట్టలు ఉన్నవి. ఒక్కొక్కదాని వద్ద ఇద్దరు పిల్లలు నిలిచియున్నారు. మీరు పొరబడినచో వారు మిమ్ము ఆపి దిద్దుదురు, కోపగించుకొనకుడు. ఆ కార్మికురాలిని ఈ సభకు ఆహ్వానించితిమి. తెల్లవారుజామున పనికి పోవలెను గనుక రాలేననెను. ఆమె రేపు ఉదయము మన గోనెలు విప్పునప్పుడు చేతికి గాయము కాకుండుటయే ఈ ఉత్సవమునకు మేము కోరు బహుమతి.

సెలవు.