ఖాతాలో కోత ఎప్పుడు పడుతుంది?

 

కొంగుముడిలో డబ్బు ఉంటే ముడి విప్పితేనే బయటికి వస్తుంది. ఎవరికి ఇచ్చామో, ఎంత ఇచ్చామో మనకు తెలుస్తుంది. బ్యాంకు ఖాతాలో డబ్బు అట్లా కాదు. మనం బ్యాంకు గడప తొక్కకపోయినా, వేలిముద్ర వెయ్యకపోయినా అందులోంచి డబ్బు పోతుంది. అప్పు వాయిదా పోతుంది. బీమా సొమ్ము పోతుంది. దీన్ని బ్యాంకువాళ్లు ఆటో డెబిట్ అంటారు. మనం కోత అనుకుందాం.

ఈ కోత దొంగతనం కాదు. అప్పు తీసుకున్న నాడో, బీమా రాయించుకున్న నాడో మనమే ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టి ఉంటాం. మరి చిక్కు ఎక్కడుంది? తేదీ దగ్గర ఉంది. ఒక నెల 5న పడుతుంది. ఒక నెల 7న పడుతుంది. మన చేతికి డబ్బు వచ్చే తేదీ కూడా నిలకడగా ఉండదు. ఈ రెండింటి మధ్య మనం నలిగిపోతాం.

ఒక అక్క ఉందనుకుందాం. భర్త లేడు. ఇద్దరు పిల్లలు. రెండు గేదెలు. పాలకేంద్రంలో పాలు పోస్తుంది. పాల డబ్బు 15 రోజులకోసారి ఖాతాలో పడుతుంది. తనకేమైనా అయితే పిల్లల గతేమిటని బ్యాంకులో ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా రాయించుకుంది. ఏడాదికి 436 రూపాయలు. రోగం వచ్చి పోయినా, ప్రమాదంలో పోయినా ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. ఈ బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31తో అయిపోతుంది. వచ్చే ఏడాది సొమ్మును మే నెలాఖరున బ్యాంకే ఖాతాలోంచి తీసుకుంటుంది. 25న తియ్యొచ్చు. 28న తియ్యొచ్చు. 31న అయినా తియ్యొచ్చు.

మే నెలలో పచ్చిగడ్డి లేదు. పాలు తగ్గాయి. పాల డబ్బూ తగ్గింది. పిల్లల బడి ఖర్చుకని ఆ అక్క 22వ తేదీన డబ్బు తీసింది. ఖాతాలో 410 రూపాయలు మిగిలాయి. బ్యాంకుకు కావలసింది 436. అంటే 26 రూపాయలు తక్కువ. ఉన్నంత తీసుకుని మిగతాది తర్వాత తీసుకుందామని బ్యాంకు అనుకోదు. నెల గడిచింది. బీమా ఆగిపోయింది. ఆ అక్కేమో బీమా ఉందనే ధీమాతో ఉంది. 26 రూపాయలు తక్కువై పిల్లలకు 2 లక్షల అండ లేకుండా పోయింది.

ఆగిపోయిన బీమాలో మళ్లీ చేరవచ్చు. కానీ చేరిన రోజు నుంచి 30 రోజుల దాకా ప్రమాదంలో చనిపోతేనే డబ్బు వస్తుంది. జబ్బు చేసి పోతే రాదు. అందుకే ఆగనివ్వకుండా చూసుకోవడమే మేలు.

సురక్షా బీమా అని ఇంకొకటి ఉంది. ఏడాదికి 20 రూపాయలు. ఇది ప్రమాదాలకు మాత్రమే. దీని కోత కూడా మే నెలాఖరులోనే. రెండూ ఉన్నవాళ్లు ఖాతాలో 456 రూపాయలు ఉంచాలి.

ఇంకో మాట. రెండు బ్యాంకుల్లో రెండు ఖాతాలు ఉంటే, జీవనజ్యోతి రెండు చోట్లా రాయించుకోవద్దు. రెండు కోతలు పడినా వచ్చేది 2 లక్షలే. రెండోసారి కట్టింది వృథా.

ఇప్పుడు అప్పు వాయిదా సంగతి చూద్దాం. పూర్వం వాయిదా తేదీ ఆదివారం వస్తే, పండుగ సెలవు వస్తే, కోత మరుసటి పనిరోజున పడేది. 2021 ఆగస్టు 1 నుంచి ఆ పద్ధతి మారింది. వాయిదాలు కోసే ఏర్పాటును నాచ్ అంటారు. అది ఇప్పుడు వారంలో ఏడు రోజులూ పనిచేస్తుంది. సెలవు రోజున కూడా పనిచేస్తుంది. “ఆదివారం బ్యాంకు మూసేస్తారు కదా, సోమవారం పొద్దున కడదాంలే” అనుకుంటే మోసపోతాం. బ్యాంకుకు తాళం ఉంటుంది. కోతకు తాళం లేదు. రెండో శనివారం, నాలుగో శనివారం కూడా బ్యాంకుకు సెలవు. అలాంటప్పుడు శుక్రవారమే డబ్బు జమ చెయ్యాలి.

కోత నాడు ఖాతాలో డబ్బు చాలకపోతే ఏమవుతుంది? బ్యాంకు ఒక రుసుము వేస్తుంది. అప్పు ఇచ్చినవాళ్లు వేరుగా ఇంకొకటి వేస్తారు. వాళ్లు కోత కోసం మళ్లీ పంపితే, అప్పుడూ డబ్బు లేకపోతే, మళ్లీ రుసుము పడవచ్చు. రుసుము ఎంతో బ్యాంకు బ్యాంకుకూ తేడా ఉంటుంది. అడిగి తెలుసుకోండి. ఖాతాలో డబ్బు లేనప్పుడు రుసుము బాకీగా నిలిచి ఉంటుంది. తర్వాత పాల డబ్బు పడగానే ముందు దాన్ని మింగుతుంది. అప్పుడు వచ్చే వాయిదాకూ డబ్బు చాలదు. ఒక కోత తప్పితే రెండో కోతకు ఎసరు పెట్టినట్టే.

మరి ఏం చెయ్యాలి?

మొదటిది, కోతల పద్దు. నోటుపుస్తకంలో ఒక పేజీ దీనికి ఉంచండి. ఎవరికి పోతుంది? ఎంత పోతుంది? ఏ తేదీన పడింది? మూడు గళ్లు గీసి రాయండి. పాసుపుస్తకంలో మాటలు చాలాచోట్ల ఇంగ్లీషులో ఉంటాయి. భయపడవద్దు. అంకెలు మనకు వచ్చు. తేదీ ఒక గడిలో ఉంటుంది. పోయిన డబ్బు ఒక గడిలో, వచ్చిన డబ్బు ఒక గడిలో, మిగిలిన నిల్వ చివరి గడిలో ఉంటాయి. ఏ గడి ఏమిటో ఒక్కసారి బ్యాంకులో అడిగితే చాలు. పోయిన ఏడాది కోతలన్నీ చూడండి. అన్నిటికంటే ముందుగా పడిన తేదీ ఏది? అదే మన గడువు. ఎక్కువసార్లు 7న పడిందని 7ను నమ్ముకోవద్దు. ఒక్కసారి 5న పడినా, 4వ తేదీకే డబ్బు సిద్ధంగా ఉండాలి.

రెండోది, ముట్టని సొమ్ము. ఈ నెల పడే కోతలన్నీ కూడండి. ఖాతాలో అంత డబ్బు ముట్టకుండా ఉంచండి. విత్తనాల గింజలు వండుకుంటామా? ఇదీ అంతే. రేపు డబ్బు పడుతుంది కదా అని ఇవాళ ఉన్నది తియ్యవద్దు. వచ్చే డబ్బు ఆలస్యం కావచ్చు. పోయే డబ్బు ఆగదు.

మూడోది, తేదీ అడగడం. అప్పు తీసుకునేటప్పుడే, “మాకు డబ్బు ఫలానా రోజుల్లో వస్తుంది, వాయిదా దాని తర్వాత పెట్టండి” అని అడగండి. సంతకం పెట్టే ముందు ఎంత కోస్తారు, ఎప్పటిదాకా కోస్తారు అన్నది చదివించుకోండి. ఆ కాగితం నకలు తీసుకోండి. అడగడానికి సిగ్గెందుకు? వడ్డీ కట్టేది మనమే కదా!

నాలుగోది, నెలకోసారి పాసుపుస్తకంలో పద్దు వేయించుకోవడం. తెలియని కోత కనిపిస్తే వెంటనే అడగండి. అప్పు తీరినా వాయిదా పోతూ ఉంటే, కోత ఆపమని బ్యాంకుకు రాసివ్వండి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. కోత ఆపినంత మాత్రాన తీరని అప్పు తీరిపోదు. వాయిదా వేరే దారిలో కట్టాల్సిందే. ఫిర్యాదు ఎప్పుడూ కాగితం మీదే ఇవ్వండి. అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చెయ్యండి.

1990 దశకంలో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపు చేశారు. వాళ్లలో చాలామంది అప్పుడప్పుడే అక్షరాలు దిద్దినవాళ్లు. ప్రతి రూపాయికీ పద్దు చూసుకున్నారు. సంఘం డబ్బుకు పద్దు ఉన్నట్టే, మన సొంత ఖాతాకూ పద్దు ఉండాలి.

ఈసారి సంఘం సమావేశానికి పాసుపుస్తకాలు వెంట తీసుకురండి. ఒకరిది ఒకరు చూసి చెప్పుకోండి. ఎవరి బీమా నడుస్తోంది? ఎవరిది ఆగిపోయింది? మే నెల వచ్చేదాకా ఆగవద్దు. ఆగిపోయిందని తేలితే ఆ మర్నాడే బ్యాంకుకు వెళ్లండి. చదవడం రాని అక్క పక్కన ఉంటే, ఆమె పుస్తకం కూడా మీరే చదివి పెట్టండి.