సముద్రం అడుగున తూర్పు కనుమల రాయి?

ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కదా, మ్యాప్స్ ఓపెన్ చేసి శాటిలైట్ వ్యూ పెట్టండి. విశాఖ నుంచి వేలితో దక్షిణానికి వెళ్లండి. శ్రీలంక పక్కనుంచి, భూమధ్యరేఖ దాటి, ఇంకా కిందికి. అంటార్కిటికాకి కొంచెం ముందు, సముద్రం అడుగున లేత నీలం రంగులో పెద్ద మచ్చ కనిపిస్తుంది. అదే కెర్గెలెన్ పీఠభూమి. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే ఎంతో, దానికి నాలుగింతలు ఉంటుంది.

ఇదంతా లావా పోసిన పని. ఎలాగో చెప్తా. భూమి లోపలంతా లావా సముద్రం అని నేను బీటెక్ అయ్యేదాకా నమ్మాను. కాదండీ, మాంటిల్ గట్టి రాయే. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు కదా, ఒత్తిడి ఆపుతుంది. అక్కడ రాయి కూడా అంతే, అంత వేడిలోనూ కరగదు. కానీ బాగా వేడెక్కిన రాయి మెల్లగా పైకి జరుగుతూ వస్తే ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు కరుగుతుంది. సుమారు 12 కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ అదే మొదలైంది. మామూలుగా సముద్రం కింద పైపొర మందం 7 కిలోమీటర్లు. ఇక్కడ లావా పొర మీద పొర పడి, బయటికి రానిది లోపలే గడ్డకట్టి, కొన్నిచోట్ల 20 కిలోమీటర్లకి చేరింది.

ఇప్పుడు అసలు కథ. 1998 డిసెంబరులో జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ షిప్ అక్కడికి వెళ్లింది. పీఠభూమికి పడమర వైపున్న ఎలన్ బ్యాంక్ దగ్గర, సుమారు కిలోమీటరు లోతు నీళ్ల కింద బోరు వేశారు. లావా రాయి వచ్చింది, ఓకే. కానీ లావా పొరల మధ్యలో గుండ్రటి గులకరాళ్లు! నదిలో దొర్లితే వచ్చే నునుపు. అంటే అది ఒకప్పుడు నీటిపైన ఉన్న నేల.

ఆ గులకరాళ్లలో కొన్ని గార్నెట్ ఉన్న నైస్ రాళ్లు. ఇలాంటి రాయి సముద్రపు అగ్నిపర్వతంలో పుట్టదు, ఖండాల్లో పుడుతుంది. అందులోని జిర్కాన్ స్ఫటికాల వయసు లెక్కగడితే, దగ్గరగా సరిపోయింది దేనికో తెలుసా? మన తూర్పు కనుమలకి!

అంత దూరం ఎలా వెళ్లింది? వెళ్లలేదు. మనమే వదిలేసి వచ్చాం. ఇండియా అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు, రెండిటి మధ్య చీలిక ఉత్తరానికి, ఇండియా వైపుకి జరిగింది. రోడ్డు మధ్య డివైడర్ జరిపితే ఇటువైపు షాపు అటువైపు అయిపోతుంది చూడండి, అలా ఆ ముక్క అవతల ఉండిపోయింది. దాని మీద లావా పరుచుకుంది.

తర్వాత లావా తగ్గింది. వేడి రాయి చల్లారితే కుంచించుకుపోయి బరువెక్కుతుంది, పొంగిన పూరీ అణిగినట్టు నేల కిందికి దిగింది. పీఠభూమి మధ్య భాగంలో ఇంకో బోరు వేస్తే, 9 కోట్ల ఏళ్ల నాటి మట్టిలో కర్ర ముక్కలు, పుప్పొడి, ఒక విత్తనం కూడా దొరికాయి. అడవి ఉండేదన్నమాట!

మొత్తం మునిగిపోలేదు. మ్యాప్ ఇంకా ఓపెన్ ఉంటే హర్డ్ ఐలాండ్ అని వెతకండి. 2,745 మీటర్ల ఎత్తు, పైనంతా మంచు. ఆ అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతూనే ఉంది.