జాబితా కాదు, సమ్మతి



అధికారాల పంపిణీ అనగానే మన చూపు జాబితాల మీదికి పోతుంది. మన రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలును వల్లె వేసిన చదువులు మనవి. ఆ కళ్లతో బ్రిటన్‌ను చూస్తే, స్కాట్లాండ్‌కు మన రాష్ట్రాలకన్నా ఎక్కువే దక్కినట్టు కనిపిస్తుంది. 1998 స్కాట్లాండ్ చట్టం అయిదో షెడ్యూలు లండన్ అట్టిపెట్టుకున్నవాటినే ఏకరువు పెట్టింది: విదేశాంగం, రక్షణ, పౌరసత్వం, కరెన్సీ, ఆఖరికి రోదసి కార్యకలాపాలు కూడా. అందులో లేనిదంతా ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ పార్లమెంటుదే. మన దగ్గర అలా మిగిలినవి 248వ అధికరణం కింద పార్లమెంటుకు పోతాయి.

అయితే అదే చట్టంలో 28వ సెక్షన్ ఏడో ఉపసెక్షన్ కూడా చదవండి. స్కాట్లాండ్ కోసం చట్టాలు చేసే వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు అధికారానికి ఏ భంగమూ లేదని ఒక్క వాక్యంలో తేల్చేసింది. షెడ్యూలంతా ఒక ఎత్తు, ఈ వాక్యం ఒక ఎత్తు.

దాని పదును తగ్గించడానికి పుట్టింది సీవెల్ సంప్రదాయం. బదలాయించిన అంశాల మీద స్కాట్లాండ్ పార్లమెంటు సమ్మతి లేకుండా వెస్ట్‌మినిస్టర్ సాధారణంగా చట్టం చేయదు. 2016లో దీన్ని చట్టంలోకీ ఎక్కించారు. మరుసటి జనవరిలోనే, మిల్లర్ కేసులో, అది రాజకీయ సంప్రదాయమేనని, కోర్టులు అమలు చేయించేది కాదని బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఏది అసాధారణ సందర్భమో నిర్ణయించుకునేదీ లండనే అన్నమాట.

ఇదంతా ఖాళీ సీసాల దగ్గర బాగా తేలింది. పర్యావరణం ఎడిన్‌బరో చేతిలోని అంశం. పానీయం కొన్నప్పుడు 20 పెన్నీలు డిపాజిట్ కట్టి, ఖాళీ సీసా తిరిగిచ్చి ఆ సొమ్ము తీసుకునే పథకానికి అక్కడి పార్లమెంటు 2020లో నిబంధనలు ఆమోదించింది. అదే ఏడాది చివర, స్కాట్లాండ్, వేల్స్ సమ్మతి నిరాకరించినా, బ్రిటన్‌లో ఒకచోట అమ్మదగిన సరుకును మిగతా చోట్లా అడ్డుకోకూడదంటూ వెస్ట్‌మినిస్టర్ అంతర్గత మార్కెట్ చట్టం చేసింది. దాంతో ఈ పథకానికి లండన్ మినహాయింపు అవసరమైంది. 2023 మేలో లండన్ సరేనంది, గాజు సీసాలు వదిలేస్తేనే అని షరతు పెట్టింది. జూన్‌లో పథకం వాయిదా పడింది. పర్యావరణం షెడ్యూలులోకి ఎక్కలేదు; అధికారం మాత్రం జారిపోయింది.

అలాగని ఎడిన్‌బరోవి ఉత్త కాగితపు అధికారాలు కావు. 2014 డిసెంబరులో డ్రైవర్ల రక్తంలో మద్యం పరిమితిని 80 మిల్లీగ్రాముల నుంచి 50కి దించింది. అప్పుడు ఇంగ్లండ్ కదల్లేదు. గ్రెట్నా దగ్గర సరిహద్దు దాటిన డ్రైవరుకు ఆ తేడా ఏమిటో తెలుస్తుంది.

సమ్మతి సంగతి మనకూ కొత్తకాదు. మూడో అధికరణం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగమంటుంది, ఒప్పుకోలు తీసుకోమనదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 20 నాటికి పార్లమెంటు ఉభయ సభలూ దాన్ని ఆమోదించాయి. విభజన మంచిచెడ్డల జోలికి నేను పోను. ఈ హాల్లో రెండు వైపులవాళ్లూ ఉన్నారు. నా పట్టింపల్లా, ప్రాంతీయ సభ కాదన్నప్పుడు జాతీయ సభ ఏం చేయాలన్న ప్రశ్నను మనం సిద్ధాంతంగా నిలబెట్టుకోలేదనే.

యువ పరిశోధకులకు నా విన్నపం ఒకటే. జాబితాల పోలికలు ఇక చాలు. ఆనాటి శాసనసభ చర్చల రికార్డునూ, స్కాట్లాండ్ పార్లమెంటు సమ్మతి తీర్మానాల మీది చర్చలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. వచ్చే సభలకు వాటి మీద పత్రాలు పట్టుకురండి.