పేజీ సంఘం పేరున ఉండాలి
(దుర్గిలో పాల సంఘాల సభ్యులనుద్దేశించి సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నెయ్యి, పనీరు కొనే పెద్ద బేరగాళ్లను సెల్‌ఫోనులోనే వెదికి పట్టవచ్చునని మన కుర్రవాళ్లు అంటున్నారు. అది ఉద్యోగాలు వెదుక్కునేవాళ్ల వ్యవహారం, గేదెలవాళ్లకెందుకని పెద్దలు అంటున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజమున్నది.

లింక్డ్‌ఇన్ 2003లో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ కంపెనీ దానిని కొన్నది. 2024 నుండి తెలుగులోనూ వాడుకోవచ్చును. ఉద్యోగులు తమ పేరు, హోదా, పనిచేసే సంస్థ అందులో తామే వ్రాసుకుంటారు. మనకు పనికివచ్చేది అదే. హైదరాబాదులో పెద్ద హోటలుకు డబ్బా పట్టుకొని పోతే గేటు దాటడమే కష్టం. కొనుగోళ్ల మేనేజరు ఎవరో ఇందులో హోదా, ఊరు పెట్టి వెదికితే తెలుస్తుంది. మాచర్ల మిఠాయి కొట్టువారి కోసం మాత్రం ఇందులో వెదకనక్కరలేదు. అక్కడికి మోటారు సైకిలు మీద పోవడమే దగ్గరదారి.

ఆ మేనేజరుకు వ్రాసేటప్పుడు అర్జీ వ్రాయవద్దు. మనమెవరం, ఏమి ఇవ్వగలం, నెలకు ఎన్ని కిలోలు, నమూనా ఎప్పుడు పంపగలం అన్నది మూడు వాక్యాల్లో చెప్పండి. కిలోల లెక్క ముందే వేసుకోండి. 7 శాతం వెన్న ఉన్న పాలు 100 కిలోలు తోడితే, తరుగు పోను నెయ్యి 7 కిలోలకు లోపే వస్తుంది. ఎండాకాలం పాలు తగ్గుతాయి. మాఘమాసపు పాలను చూసి వైశాఖానికి మాట ఇస్తే రెండో నెలకే బేరం చెడుతుంది.

దుర్గి రాతిబొమ్మ ఫోటో చూస్తే శిల్పి పనితనం తెలుస్తుంది. నెయ్యి వాసన ఫోటోలో రాదు. కనుక కొనేవాడు అడిగేది కాగితమే. ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వారి 14 అంకెల నంబరు, రోజువారీ వెన్న శాతం రిజిస్టరు, పరీక్ష నివేదిక చూపగలిగితే సగం బేరం కుదిరినట్లే.

బయటివారికి అమ్మే ముందు బైలా తీసి చదవండి. పాలు యూనియన్‌కే పోయాలని ఉన్నచోట, వచ్చిన వాకబును యూనియన్‌కు వ్రాసి పంపండి. రహస్యంగా రెండు క్యాన్లు పక్కకు తిప్పే పని వద్దు. ఆ లోటు రిజిస్టరులో తేలుతుంది, బోనసు దగ్గర తగాదా అవుతుంది.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ వేదికలో మనిషి ఖాతా వేరు, సంస్థ పేజీ వేరు. కార్యదర్శి తన సొంత ఖాతా నుండే ఉత్తరాలన్నీ నడిపితే, ఆయన మానుకున్న నాడు కొనేవారి పరిచయాలన్నీ ఆయన జేబులోనే పోతాయి. ఆయన మంచివాడే కావచ్చును. అయినా తిజోరీ తాళం ఒక్కరి దగ్గరే ఉంచుతామా? పాలకవర్గం తీర్మానం వ్రాసి సంఘం పేరున పేజీ పెట్టించండి. దానిమీద అధికారం కనీసం ఇద్దరికి ఉండాలి, ఒకరు పాలకవర్గ సభ్యులై ఉండాలి. కార్యదర్శి మారిన రోజున క్యాష్‌బుక్కుతో పాటు దీనినీ అప్పగింతల జాబితాలో చేర్చాలి.

వచ్చిన ప్రతి వాకబునూ ఒక పుస్తకంలో ఎక్కించండి: తేదీ, ఎవరు, ఎంత అడిగారు, ఏమి జవాబిచ్చాము. పది వాకబులు వస్తే అన్నీ బేరాలు కావు. కొన్ని మోసాలు కూడా ఉంటాయి. పెద్ద ఆర్డరు ఇస్తాము, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టండి అనేవారికి పైసా పంపవద్దు. మనకు డబ్బు రావడానికి మనం పిన్ నంబరు కొట్టనక్కరలేదు. కొట్టమన్నవాడు మన ఖాతాలోంచి లాగబోతున్నాడని గ్రహించండి.

కొత్త బేరగాడికి మొదటి రెండు మూడు సరుకులు నగదు మీదనే ఇవ్వండి. అరువు ఎంతవరకు, ఎన్నాళ్లు అన్నది పాలకవర్గం తేల్చాలి గాని ఫోను పట్టుకున్నవారు కాదు. ఆ డబ్బు ఆడవాళ్లు తెల్లవారుజామున పితికి పోసిన పాలది. వాకబుల పుస్తకాన్ని సర్వసభ్య సమావేశంలో బల్లమీద పెట్టండి. తనిఖీకి వచ్చినప్పుడు నేనూ అడిగి చూస్తాను.